వందో గడి

పొద్దున్నే ఆఫీసు తాళం తీయగానే ఆయా చేసే మొదటి పని హాల్లో గోడకున్న పెద్ద తెర తుడవడం. తప్పిపోయినవాళ్ళ ఫోటోలన్నీ ఆ తెర మీదే వరుసగా ఉంటాయి. బతికున్నవాళ్ళ ఫోటో మీద అద్దం చెమ్మగిల్లుతుంది. వాళ్ళు ఏ మూలనున్నా సరే, వాళ్ళ ఊపిరి వచ్చి అక్కడ పొగమంచులా పడుతుంది. పోయినవాళ్ళ ఫోటో పొడిగా ఉంటుంది. రాత్రంతా పట్టిన తేమ బొట్లుబొట్లుగా కారి గోడ పెచ్చులూడుతోందని ఆయా గొణుక్కునేది.

"ఊపిరి తీస్తే తీశారు, కాస్త మెల్లగా తీయకూడదూ! రంగేయించి ఏడాదన్నా కాలేదు" అంటూ పాత దుప్పటి ముక్కతో తుడిచేది. ఆమె బకెట్టు పట్టుకుని పక్కకి తిరిగేలోగా ఫోటోలు మళ్ళీ మసకబారేవి.

ఆ తెర మీదా జనం ఫోన్లలోనూ కనబడే వెబ్ పేజీ తయారుచేసే ఆవిణ్ణి ఆఫీసులో అందరూ టెంప్లేటమ్మ అనేవారు. మొదట్లో వెక్కిరింతకి పెట్టిన పేరే, పోనుపోను అసలు పేరు ఎవరికీ గుర్తులేకుండా పోయింది. ఒక్కో ఫోటో ఆవిడే కూర్చుని అతికిస్తుందని చాలామంది అనుకునేవారు. నిజానికి ఆమె రాసేది ఒక్క గడికి నమూనా మాత్రమే, దాన్నే టెంప్లేటంటారు. ఇక్కడ ఫోటో, దాని కింద పేరు, వయసు, ఎప్పటినుంచి కనబడటం లేదో, కనబడితే ఎవరికి చెప్పాలో, అన్నీ ఖాళీలే. లిస్టులో ఉన్న ప్రతి మనిషికీ ఇలాంటి గడి ఒకటి వెయ్యమని కంప్యూటరుకి చెబుతూ దానికి పైన ఒక వరుస. అంతే. ఎంతమంది ఉంటే అన్ని గడులు వాటంతటవే పడతాయి. లిస్టు ఖాళీగా ఉంటే ఏం చూపించాలో కూడా రాసి పెట్టింది, 'ప్రస్తుతం ఎవరూ తప్పిపోలేదు' అని. పనిలో చేరిన కొత్తలో ముచ్చటపడి రాసుకున్న మాట అది. ఇంతవరకూ ఎవరి కంటా పడలేదు.

ఆమె ఆ పనిలో చేరిందే తమ్ముడి కోసం. ఇంట్లో వాణ్ణి బుల్లోడనేవారు. గుమ్మానికి తల తగిలేంత పొడుగైనా బుల్లోడే. ఒకనాడు సైకిలుకి గాలి కొట్టించుకొస్తానని వెళ్ళినవాడు మళ్ళీ రాలేదు. సైకిలు మాత్రం రెండు చక్రాలకీ గాలి నిండి షాపు ముందు స్టాండేసి ఉంది. తిట్టినవాళ్ళు లేరు, కొట్టినవాళ్ళు లేరు. స్టేషన్లూ ఆసుపత్రులూ కాళ్ళరిగేలా తిరిగి తిరిగి చివరికి ఈ ఆఫీసుకొచ్చింది. తెర మీద బుల్లోడి ఫోటో చెమ్మగిల్లడం చూసి అక్కడే కూలబడి ఏడ్చింది. తర్వాత అక్కడే పనికి కుదిరింది. ఇంట్లో అమ్మ ఫోన్లో అదే పేజీ తెరిచి పెట్టుకునేది. అద్దం తుడిచి, మళ్ళీ మసకబారేదాకా చూసి, మళ్ళీ తుడిచేది. ఆవిడకి పొద్దు అలాగే గడిచేది.

హాల్లోకి రోజూ వచ్చేవాళ్ళలో వడ్రంగి తాత ఒకడు. ఆయనకి ఫోను లేదు. భార్యకి మతిమరుపు ముదిరి, ఆయన తలుపుచెక్కకి కొలత చూసుకుంటుండగా వెనకనుంచి నడుచుకుంటూ వెళ్ళిపోయింది. హాల్లో కుర్చీలన్నీ కిర్రుకిర్రుమంటుంటే అడగకుండానే మేకులు కొట్టి సరిచేసి, వాటిలో ఒకదాంట్లో కూర్చుని భార్య ఫోటో చూసేవాడు.

"ఇవాళ మా ఆవిడకి జలుబు చేసినట్టుందమ్మా" అనేవాడు టెంప్లేటమ్మతో. "చూడు, మంచు ఒకపక్కే పడుతోంది. ముక్కు ఒకవైపే ఆడుతోంది."

"ఎవరో ఒకరు కషాయం ఇస్తార్లే తాతా."

"ఇస్తే మాత్రం తాగుతుందా? నా చేత్తో ఇస్తేనే మొహం అదోలా పెట్టేది."

ఒకరోజు సారు ఆమెని పిలిచాడు. సారంటే ఆ ఆఫీసుకి పెద్ద. మంచివాడే, కానీ ఫోటోలు చూసి చూసి కళ్ళు గుంటలు పడిపోయిన మనిషి.

"మన పేజీ తెరుచుకోవడానికి ఎంతసేపు పడుతోందో చూశావా? ఫోటోలు సగం రాకముందే జనం విసుక్కుని మూసేస్తున్నారు. ఎవరూ చూడకపోతే ఎవరు దొరుకుతారు చెప్పు? కొత్తగా తప్పిపోయినవాళ్ళని వందమందిని ఉంచు. పాతవాళ్ళని తీసెయ్."

"తీసెయ్యడమెందుకు సార్? కింద 'తర్వాత' అని ఒక బటను పెట్టి, వెనక పేజీలో..."

"పోయినసారి పెట్టాంగా. ఏమైంది?"

ఆ వెనక పేజీ ఎవరూ తెరవలేదు. నలుగురి కళ్ళూ పడని చోటికి ఊపిరి రాదు. బతికున్నవాళ్ళ ఫోటోలు కూడా అక్కడ ఎండిపోయి కనిపించాయి. వాటిలో కూతుర్ని చూసుకున్న ఒక తల్లి, ఆ ఫోటో తిరిగి ముందు పేజీలోకి వచ్చేదాకా మెతుకు ముట్టలేదు. టెంప్లేటమ్మ తన కంప్యూటర్లో బుల్లోడికి విడిగా ఒక పేజీ చేసుకుని చూసింది కూడా. అదీ అంతే. ఒక్క చుక్క తేమ లేదు.

సంగతి హాల్లో అందరికీ తెలిసిపోయింది. వడ్రంగి తాత ఆమె బల్ల దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"మా ఆవిడ ఉంటుందా అమ్మా?"

ఆమె లెక్కపెట్టి చూసింది. "ఉంటుంది తాతా. చివరి గడి ఆవిడదే. వందోది."

"చివరైతేనేం, చాలు. కొత్తవాళ్ళు వచ్చేదాకా ఉంటుంది కదా." అంటూనే నాలుక కరుచుకున్నాడు. "ఇంకెవరూ తప్పిపోకూడదని కోరుకోవడం కూడా నా స్వార్థమే చూడు."

బుల్లోడు మాత్రం వందకి అవతల ఎక్కడో ఉన్నాడు. ఇంటికెళ్ళి అమ్మకి చెప్పింది. అమ్మ ఏడవలేదు, అరవలేదు. ఫోను తుడుస్తూనే అంది:

"నువ్వు రాసే పేజీలో నీ తమ్ముడికి చోటు లేదా?"

మర్నాడు మధ్యాహ్నం, అందరూ భోజనాలకి లేచినప్పుడు, టెంప్లేటమ్మ వందమంది దగ్గర ఆపమని ఒక వరుస రాసింది. దాని మీద ఇంకో వరుస రాసింది, ఫలానా నంబరు మనిషిని ఎప్పుడూ వదలొద్దని. అది బుల్లోడి నంబరు. నూటొకటి చేద్దామా అనుకుంది. చేస్తే నూటరెండోవాళ్ళు ఊరుకోరు. హాల్లో అందరూ గడులు లెక్కపెట్టుకుంటూనే కూర్చున్నారు. బుల్లోడు ఎక్కితే ఒకరు దిగాలి. ఎవరు దిగుతారో ఆమెకి తెలుసు. తెలిసే రాసింది.

తాత వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. తెర చివరిదాకా చూశాడు. మొదటినుంచి మళ్ళీ చూశాడు. అప్పుడు ఆమెవైపు తిరిగాడు.

"కొత్తగా ఒకరు వచ్చారు తాతా" అందామె, తల కీబోర్డు మీంచి ఎత్తకుండా.

"సరేలేమ్మా" అన్నాడాయన.

అయినా రావడం మానలేదు. రోజూ అదే కుర్చీలో కూర్చునేవాడు. కొన్నాళ్ళకి ఆయా చెప్పింది, తాత ఎవరో కుర్రాడి ఫోటో తుడుస్తున్నాడని. టెంప్లేటమ్మ లేచి వెళ్ళి చూసింది. బుల్లోడి గడి ముందు నిలబడి, భుజమ్మీది తువ్వాలుతో అద్దం మెల్లగా ఒత్తుతున్నాడు.

"ఇవాళ బాగా ఊపిరి తీస్తున్నాడమ్మా మీవాడు."

టెంప్లేటమ్మ అటూ ఇటూ చూసింది. "మావాడని ఎలా..."

"ముక్కు నీదేగా" అన్నాడు తాత. ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండుననిపించిందామెకి. ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "ఇక్కడ కూర్చుని లాభం లేదమ్మా. ఆవిడ నడుచుకుంటూనే పోయింది. నేనూ నడుచుకుంటూ పోతాను. ఎక్కడో ఒకచోట దారి కలవకపోదు."

అందరూ అనే మాటే కదా అనుకుంది. కానీ నాలుగు రోజులు గడిచాక తాత దుకాణం పక్కన బట్టలు కుట్టేవాడు ఒక ఫోటో పట్టుకుని ఆఫీసుకొచ్చాడు. తలుపులు బార్లా తీసున్నాయట. రంపం సగం కోసిన చెక్కలో అలాగే ఇరుక్కుని ఉందట. టెంప్లేటమ్మ వివరాలు ఎక్కించింది. లిస్టులో కొత్తవాళ్ళు ముందుంటారు కాబట్టి తాత మొదటి గడిలో పడ్డాడు. పడీపడగానే అద్దం మసకబారింది. చివర్న ఇంకెవరో జారిపోయారు.

ఆ మరుసటి వారమే బుల్లోడి ఫోటో ఎండిపోయింది. ఆయా ఆ గడి తుడవబోయి, గుడ్డ చేతిలోనే పట్టుకుని నిలబడిపోయింది. గంట ఆగినా, పూట ఆగినా తేమ రాలేదు. మామూలుగా అలాంటి ఫోటోని కొన్నాళ్ళుంచి తీసేస్తారు. సారు ఆమె పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఆ వరుస నేను మొదటిరోజే చూశాను" అన్నాడు మెల్లగా. "ఏమనలేకపోయాను. ఇప్పుడు నువ్వే తీస్తావా, నన్ను తీయమంటావా?"

"అమ్మకి చెప్పి తీస్తాను సార్."

ఇంటికెళ్ళేసరికి అమ్మ కిటికీ దగ్గర ఫోనుతో కూర్చునుంది. అమ్మ భుజం మీదుగా చూస్తే, ఫోన్లో బుల్లోడి ఫోటో తడిగా ఉంది. ఒక్క క్షణం ఆమెకి ప్రాణం లేచొచ్చింది. ఆఫీసు తెరే పాడైందేమో! అంతలో అమ్మ ఫోను నోటిదాకా తెచ్చుకుని, పెదాలు సున్నాలా చుట్టి, అద్దం మీద మెల్లగా ఊదింది. దూరంగా పట్టుకుని చూసింది. మంచు కరిగిపోతుంటే మళ్ళీ ఊదింది.

"ఎన్నాళ్ళనుంచమ్మా?"

"నిన్నటినుంచి." అమ్మ కళ్ళు ఫోను మీంచి కదల్లేదు. "ఆయాసపడుతున్నాడేమో పాపం, కాస్త సాయం పడితే కుదుటపడతాడనుకున్నాను."

ఆమె అమ్మ పక్కన కింద కూర్చుంది. చీకటి పడేదాకా అమ్మ ఊదుతూనే ఉంది, ఆమె ఆపలేదు. చివరికి అమ్మే, ఊపిరి అందక, ఫోను ఆమె చేతిలో పెట్టి గోడవైపు తిరిగి పడుకుంది.

పొద్దున టెంప్లేటమ్మ ఆఫీసుకెళ్ళి బుల్లోడి నంబరు చెరిపేసింది. ఆ వరుస మొత్తం తీసేయాల్సింది. తీయలేదు. ఆ ఖాళీలో వడ్రంగి తాత భార్య నంబరు రాసింది. ఎవరికోసం రాసిందని ఎవరన్నా అడిగితే ఏం చెప్పాలో ఆమెకి తెలీదు. చూసేందుకు ఆయన లేడు. చివరి గడిలో ముసలావిడ ఫోటో వచ్చింది. కాసేపటికి అద్దం మీద ఒకపక్కగా సన్నగా మంచు పడింది.

నలుగురి కళ్ళూ పడే పేజీ కదా. మూడోనాడు ఎక్కడో బస్సులు ఆగే చోట టీ అమ్మే మనిషి ఫోను చేశాడు. చెమ్మగిల్లిన ఆ మొహం గుర్తుపట్టాడు. ఆవిడ తన కొట్టు వెనకే ఉంటోందట, గ్లాసులు కడిగి పెడుతోందట, ఎవరని అడిగితే నవ్వుతోందట. తీసుకొచ్చారు. పాదాలు పగిలిపోయాయి, చీర ఎవరో ఇచ్చింది. మనిషి మాత్రం గట్టిగానే ఉంది. దుకాణం తాళమేసి ఉంది. అయినవాళ్ళెవరూ లేరు. సారు ఏ ఆశ్రమానికో ఫోను చేయబోతుంటే టెంప్లేటమ్మ "మా ఇంటికి తీసుకెళ్తాను సార్" అంది.

వాళ్ళు ఇంటికి రాగానే అమ్మ లేచి బుల్లోడి మంచం మీద దుప్పటి మార్చింది. ముద్ద తినమంటే ముసలావిడ తల అడ్డంగా ఊపింది. అమ్మే కలిపి నోటికందించింది. ఆవిడ మొహం అదోలా పెట్టి తింది. అమ్మకి ఎన్నాళ్ళకో ఒక పని దొరికింది.

అప్పటినుంచి కొత్త ఫోటో వచ్చినప్పుడల్లా టెంప్లేటమ్మ ఒక్కో మనిషిని ఎక్కిస్తూ ఉంది. ఎక్కించినప్పుడల్లా వడ్రంగి తాత ఒక్కో గడి కిందికి దిగుతున్నాడు. నంబరు రాసే ఆ ప్రత్యేకమైన వరుస ఇప్పుడు లేదు. ముసలావిడ దొరికిన రోజునే సారు తీయించేశాడు, ఇంకెప్పుడూ అలాంటిది రాయనని మాట కూడా తీసుకున్నాడు. తాతకి కబురు పంపే దారి లేదు. ఆయన ఏ రోడ్డు మీద, ఎవరిని ఆపి, ఏ పోలికలు చెప్పి అడుగుతున్నాడో.

ఒకరోజు టెంప్లేటమ్మ ముసలావిణ్ణి వెంటబెట్టుకుని ఆఫీసుకొచ్చింది. హాల్లో తెర ముందు నిలబెట్టి, మధ్య వరుసలోకి దిగిపోయిన గడి వేలు పెట్టి చూపించింది.

"ఈయనెవరో చెప్పండి."

ముసలావిడ కళ్ళు చికిలించి చాలాసేపు చూసింది. మంచు గబగబా పడుతోంది, ఆరుతోంది, మళ్ళీ పడుతోంది.

"తెలీదమ్మా" అంది. వెళ్ళిపోదామన్నట్టు రెండడుగులు వేసి, ఆగి, వెనక్కి తిరిగింది.

"ఎవరో గానీ పాపం, బాగా నడుస్తున్నాడు. ఎంత ఆయాసపడుతున్నాడో చూడు. కాసేపు ఎక్కడన్నా కూర్చోమని చెప్పమ్మా."