రొమ్ము ఎముక మీద రెండు చేతులు

ఆ కుట్టు కర్మాగారంలో ఒక ఉదయం అరగంట సేపు మిషన్లు ఆపేశారు. ఆసుపత్రి నుంచి వచ్చిన నర్సమ్మ కటింగ్ బల్ల మీద ఒక రబ్బరు బొమ్మను పడుకోబెట్టింది. మనిషి ఉన్నట్టుండి కూలబడి ఊపిరి ఆగిపోతే ఏం చేయాలో నేర్పడానికి వచ్చిందామె. బొమ్మ చొక్కా విప్పగానే వెనక వరసలో ఆడవాళ్ళు కిసుక్కున నవ్వారు.

కటింగ్ మాస్టారికి అది నచ్చలేదు. ముప్ఫై ఏళ్ళ అనుభవం ఆయనది. ఆ హాల్లో ఆయన మాటకు తిరుగులేదు.

"ఛాతీ మీద చెయ్యేసే విద్య ఆడపిల్లలకెందుకమ్మా? మగాళ్ళం మేం లేమూ? మీరెళ్ళి పని చూసుకోండి" అన్నాడు ఆడవాళ్ళ వైపు తిరిగి.

"అందరూ నేర్చుకోవాలండీ" అంది నర్సమ్మ. సూపర్‌వైజరు గడియారం వంక చూసి, మాస్టారి మాటకే తలూపాడు.

బొత్తాలు కుట్టే పెద్దావిడ, అందరికీ బొత్తాలక్క, లేవబోయి ఆగింది. "పడిపోయేది ఆడదైతే ఎవరు నొక్కుతారు మాస్టారూ?"

"నీ నోటికి జడిసి చావు ఈ గుమ్మం తొక్కదులే అక్కా!"

అందరూ నవ్వారు. యాభై మంది ఆడవాళ్ళు మిషన్ల దగ్గరికి వెళ్ళిపోయారు. ఎనిమిది మంది మగవాళ్ళు మిగిలారు.

"పక్కటెముకలు రెండు వైపుల నుంచీ వచ్చి కలిసే చోట తడమండి. చిన్న కొస తగులుతుంది. దాన్ని నొక్కకూడదు, లోపల కాలేయం ఉంటుంది. దానికి రెండు వేళ్ళు పైన రొమ్ము ఎముక కింది సగం. దాని వెనకే గుండె. అక్కడ చేతులు ఆనించి, రెండంగుళాల లోతు, నిమిషానికి నూరుసార్లకు తగ్గకుండా నొక్కాలి" అని చెప్పింది నర్సమ్మ. కొలతల మనిషికి ఇంతకంటే ఏం కావాలి? మాస్టారు మొదటిసారికే తప్పు లేకుండా నొక్కి చూపించాడు.

మూడు వారాలు తిరగకుండానే బొత్తాలక్క కుర్చీలోంచి జారి నేల మీద పడింది. పిలిస్తే పలకలేదు. ఊపిరి లేదు. సూపర్‌వైజరు అంబులెన్సుకు ఫోన్ చేశాడు. ఆడవాళ్ళు పరుగున వచ్చి ముఖాన నీళ్ళు చల్లారు, అట్టముక్కలతో విసిరారు. పైట జారిందని ఇద్దరు ఆమె మీద గుడ్డ కప్పారు. నేర్చుకున్న ఎనిమిది మందీ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు.

మాస్టారి కాళ్ళు కదల్లేదు. పరాయి ఆడమనిషి. రేపు ఆమె భర్త ఏమంటాడు? నలుగురూ ఏమనుకుంటారు?

"ఎక్కడ నొక్కాలో చెప్పండి మాస్టారూ, నేను నొక్కుతా!" అని కాలర్లు కుట్టే పిల్ల ఏడుస్తూ అరిచింది. ఆ రోజు ఆ పిల్లను నేర్చుకోనివ్వకుండా మిషన్ దగ్గరికి పంపింది మాస్టారే. బొత్తాలక్క పెదవులు నీలంగా మారుతున్నాయి. మాస్టారికి తన మీద తనకే అసహ్యం వేసింది. గుడ్డ లాగేసి మోకాళ్ళ మీద కూలబడ్డాడు. కొస తడిమాడు, రెండు వేళ్ళు పైకి జరిగాడు, నొక్కాడు. లోపల ఏదో పటుక్కుమంది. అయినా ఆపలేదు.

రెండు నిమిషాలకు చేతులు అలిసిపోయాయి. కాలర్ల పిల్లను దగ్గరికి లాక్కున్నాడు. "ఇక్కడమ్మా. మోచేతులు వంచకు. నేను లెక్కపెడతా, నువ్వు నొక్కు."

ఆ పిల్ల సరిగ్గా నొక్కింది. అంబులెన్సు వచ్చేదాకా ఇద్దరూ వంతులు వేసుకున్నారు. వచ్చినవాళ్ళు కరెంటు షాకిచ్చి గుండెను దారిలో పెట్టారు.

వారం తరవాత మాస్టారు ఆసుపత్రికి వెళ్ళాడు. బొత్తాలక్క భర్త ఎదురొచ్చాడు. మాస్టారు తల దించుకున్నాడు. ఆయన మాత్రం మాస్టారి రెండు చేతులూ కళ్ళకద్దుకున్నాడు.

"రెండు పక్కటెముకలు చిట్లాయటక్కా, నా వల్లే" అన్నాడు మాస్టారు మంచం పక్కన కూర్చుంటూ.

"ఎముకలదేముంది, అతుక్కుంటాయి. యాభై మందిని నేర్చుకోకుండా పంపేశారే, దానికేం కట్టు కడతారు?"

మాస్టారు కుర్చీని మంచానికి దగ్గరగా జరుపుకున్నాడు. "తప్పు నాదే అక్కా. గుండె ఆడవాళ్ళకైనా మగవాళ్ళకైనా ఆ ఎముక వెనకే ఉంటుంది. దాన్ని కాపాడే విద్య కూడా ఇద్దరికీ రావాలి."