చెల్లెలి క్లోమం

డ్రైవరక్క బస్సు ఉదయం డిపోలో బయలుదేరి, బట్టల మిల్లు మీదుగా ఆసుపత్రి మలుపు తిరిగి, స్టేషన్ దగ్గర ఆగేది. ఆ దారిలో గుంటలన్నీ ఆవిడకి కంఠతా వచ్చు. నిలబడ్డ ముసలివాళ్లు తూలకుండా బ్రేకు వేయడంలో ఆవిడ తర్వాతే ఎవరైనా అని డిపోలో ఒప్పుకోనివాళ్లు లేరు. చెప్పుల దుకాణంలో పనిచేసే చెల్లెలు రోజూ అదే బస్సెక్కి, డ్రైవరు వెనక సీట్లో కూర్చుని, తను దిగేచోటు వచ్చేదాకా ముందురోజు చూసిన పాదాల గురించి కబుర్లు చెప్పేది. మొహాలు మర్చిపోయినా మడమలు మర్చిపోయేది కాదు ఆ పిల్ల.

తల్లి పోయేనాటికి చెల్లెలికి పాలపళ్లు కూడా ఊడలేదు. జడలు వేసి, ముక్కు తుడిచి, బడికి పంపి, చివరికి ఓ ఎలక్ట్రీషియన్‌కిచ్చి పెళ్లి చేసింది అక్కే. తన సంసారం మాత్రం నిలవలేదు. రెండుసార్లు కడుపు నిలిచినట్టే నిలిచి పోయింది. ఎదురుచూసీ చూసీ విసిగిన మొగుడు తన దారి తను చూసుకున్నాడు. ఆ తర్వాత ఆ ఊసు ఎవరూ ఎత్తలేదు, ఆవిడా ఎత్తనివ్వలేదు.

ఒక వానపొద్దున, మిల్లు దగ్గర ఎర్రదీపం పడి బస్సు ఆగినప్పుడు, చెల్లెలు ముందుకి వంగి అక్క చెవిలో నెల తప్పిందని చెప్పింది. అక్క అద్దంలోంచి చూసి నవ్వింది. ఇకనుంచి దిగేటప్పుడు కమ్మీ పట్టుకుని దిగమంది. కానీ ఆ నవ్వుకంటే ముందే లోపల ఒక ఆలోచన పరుగెత్తింది: ఇది నాకు రావాల్సింది. పిలిస్తే వచ్చింది కాదు. దీపం పచ్చదయ్యేలోగా వచ్చింది, వెళ్లింది. అప్పుడే పొట్ట వెనకాల, ఎడమ పక్కటెముకల కింద, మూతపెట్టిన పిండి పొంగినట్టు ఏదో వెచ్చగా పొంగింది.

అప్పట్నించీ ఆవిడకి ఒకటే ఆకలి. తిన్న కాసేపటికే చేతులు వణికేవి, వీపంతా చెమట పట్టేది. జేబులో చక్కెర బిళ్లలు పోసుకుని బండి నడిపేది. చెల్లెలిది ఇంకో బాధ. ఎన్ని నీళ్లు తాగినా దాహం తీరదు, చెప్పులు తొడగడానికి మోకాళ్ల మీద కూర్చుంటే మళ్లీ పైకి లేవలేదు. ఒకరోజు ఆసుపత్రి మలుపులో అక్కకి కళ్లు చీకట్లు కమ్మాయి. ఎలాగోలా బస్సు పక్కకి తీసి ఆపింది. ఎవరికీ ఏమీ కాలేదు గానీ, మర్నాడే అక్కాచెల్లెళ్లిద్దరూ డాక్టరమ్మ ముందు కూర్చున్నారు.

డాక్టరమ్మ ఇద్దరికీ పరీక్షలు చేయించింది. చెల్లెల్ని మరోసారి రక్తం ఇచ్చి రమ్మని పంపి, తలుపు మూసుకున్నాక అక్కతో చెప్పింది.

"కడుపులో బిడ్డకి తీపి అందాలని, బిడ్డతోపాటు పెరిగే మాయ, తల్లి ఒంటిని ఇన్సులిన్ మాట విననివ్వదమ్మా. దాన్ని తట్టుకోవడానికి తల్లి క్లోమం ఇన్సులిన్ చేసే కొత్త కణాలు పెంచుకుని రెట్టింపు పని చేస్తుంది. మీ చెల్లెలికి అవి పెరగలేదు." స్కాన్ ఇటు తిప్పింది. "మీకు పెరిగాయి."

అక్క ఆ బూడిదరంగు మచ్చనే చూస్తూ కూర్చుంది.

"తోబుట్టువుల్లో జరుగుతూనే ఉంటుంది. కాకపోతే, ఆ కణాలు అడగందే రావు. నోటితోనే అడగాలని లేదు."

వెనక్కి ఇచ్చే దారి లేదా అని అక్క అడిగింది. లేదంది డాక్టరమ్మ. సొంత కణాలు ఇంకొకరి దగ్గరున్నాయని తెలిసిన ఒంటికి సూదిమందు కూడా పట్టదట. చెల్లెలు తిన్నప్పుడల్లా అక్క పక్కన కూర్చుని చెయ్యి పట్టుకోవాలి, రక్తంలో చక్కెర దిగేదాకా వదలకూడదు. చీటీ మీద అదే రాసి ఇచ్చింది, రోజుకి మూడుపూటలా అని.

చెల్లెలు పని మానేసింది. అక్క సెలవు పెట్టింది. డిపో మేనేజరు కారణం అడిగి, 'చెల్లెలి క్లోమం' అని రాసుకుని, ఎన్ని నెలలో చెప్పమన్నాడు. అక్క పెట్టె సర్దుకుని చెల్లెలి రెండుగదుల ఇంటికి వచ్చేసింది. ఎలక్ట్రీషియన్ మరిది ఆవిడ కుర్చీకి మెత్త తెచ్చి వేశాడు, పక్కనే చిన్న దీపం బిగించాడు. చెల్లెలు కుడిచేత్తో తింటుంటే ఎడమచెయ్యి అక్క ఒళ్లో ఉండేది. కాసేపటికి ఒకరి దాహం, ఒకరి వణుకు, రెండూ ఒక్కసారే సద్దుమణిగేవి.

అందరూ మెచ్చుకునేవాళ్లే. అక్కంటే ఇలా ఉండాలని కిందింటావిడ తన చెల్లెళ్లిద్దర్నీ పిలుచుకొచ్చి మరీ చూపించింది. "నాకోసం ఉద్యోగం కూడా పక్కనపెట్టావు, నీ రుణం ఎలా తీర్చుకోనక్కా" అని చెల్లెలు అన్నప్పుడల్లా ఆవిడకి తలుపుసందులో వేలు పడ్డట్టుండేది. చెప్పేద్దామని నోటిదాకా వచ్చేది. చెబితే చెల్లెలు చెయ్యి లాక్కుంటుందేమోనని మింగేసేది. చెయ్యి లాక్కుంటే బిడ్డకి ముప్పు. ఆ సాకు ఆవిడకి బాగా పనికొచ్చింది. అది సాకని కూడా ఆవిడకి తెలుసు.

అంతటితో ఆగితే బాగుండేది. నెలలు నిండేకొద్దీ తనకోసం ఒకరు ఎదురుచూడటంలోని రుచి ఆవిడకి తగిలింది. కంచం ముందు కూర్చుని గుమ్మంవైపు చూసే చెల్లెల్ని చూస్తే, నేను లేందే నీకు ముద్ద దిగదు కదా అని లోపల ఏదో తియ్యగా ఉండేది. ఒక్కోపూట కావాలనే ఆలస్యం చేసేది. ఒకరోజైతే మధ్యాహ్నం వేళకి డిపోలో కూర్చుని, తన బస్సు కడుగుతుంటే చూస్తూ తీరిగ్గా టీ తాగింది. వేళ మించిపోతోందని తెలిసే తాగింది.

ఇంటికొచ్చేసరికి చెల్లెలు గోడకి చేరగిలబడి ఉంది. పెదాలు ఎండి, మాట ముద్దగా వస్తోంది. పొద్దున తెగ తన్నిన బిడ్డ ఇప్పుడు కదలడం లేదంది. అక్క చెప్పులైనా విప్పకుండా నేలమీద కూలబడి రెండుచేతులూ పట్టుకుంది. ఏ దేవుణ్ణీ తలుచుకోలేకపోయింది, ఏ మొహంతో తలుచుకుంటుంది? కిటికీలో ఎండ ఎర్రబడే వేళకి చెల్లెలు "కదిలింది" అంది.

కాస్త తేరుకున్నాక తనే అక్క చేతిమీద చెంప ఆనించి చెప్పింది.

"తప్పు నాదే. ఆకలికి ఓర్చుకోలేక నువ్వు రాకముందే తినేశాను. నువ్వు బాధపడకక్కా."

చెల్లెలు తిట్టినా అక్క భరించేది. మళ్లీ ఎన్నడూ ఆలస్యం చేయలేదు.

కానుపు పగలే అయింది. ఆడపిల్ల, బొద్దుగా ఉంది. పుట్టగానే గట్టిగా ఏడ్చింది గానీ, కాసేపటికే మెత్తబడి, పాలు తాగే ఓపికైనా లేక కళ్లు మూసేసింది. డాక్టరమ్మ మడమలోంచి రక్తపుబొట్టు తీసి చూసింది. లోపల అప్పుడప్పుడూ అందిన ఎక్కువ తీపికి బిడ్డ క్లోమం కూడా ఎక్కువ పని అలవాటు చేసుకుంది, ఇప్పుడు బొడ్డు కోశాక చక్కెర పడిపోతోంది, జాగ్రత్తగా పాలు పట్టిస్తే కొన్నాళ్లకి సర్దుకుంటుందని మరిదికి వివరించింది. అది ఏ పూటల తీపో ఒక్క అక్కకే తెలుసు. ఆవిడ బిడ్డని వాటేసుకుందామని రెండుచేతులూ చాపుతుంటే డాక్టరమ్మ అడ్డొచ్చింది.

"మీరు తప్ప ఎవరైనా ఎత్తుకోవచ్చు. మీ చెయ్యి తగిలితే ఉన్న కాస్త చక్కెరా దిగిపోతుంది."

తల్లులకైతే కానుపు తర్వాత ఆ కణాలు వాటంతటవే తగ్గిపోతాయట. అడిగి తెచ్చుకున్నవాళ్లకి ఎప్పుడు తగ్గుతాయని అక్క గొంతు తగ్గించి అడిగింది. అడగడం మానేసినప్పుడని చెప్పి డాక్టరమ్మ వేరే మంచం దగ్గరికి వెళ్లిపోయింది.

బిడ్డ ఇంటికొచ్చింది. అక్క వంట చేసింది, గుడ్డలు ఉతికింది, చెల్లెలికి తలంటింది. బిడ్డ ఉన్న గదిలో మాత్రం గుమ్మం దగ్గర బల్లమీదే కూర్చునేది, చేతులు ఒళ్లో ముడిచిపెట్టుకుని. కిందింటావిడ ఎత్తుకునేది, ఆవిడ చెల్లెళ్లు ఎత్తుకునేవాళ్లు, కరెంటు మీటరు చూడ్డానికొచ్చిన మనిషి కూడా బుగ్గ పుణికి పోయాడు. తనకి తగిన శిక్షే పడిందని ఆవిడ అనుకునేది. అలా అనుకోవడంలో కూడా, ఈ శిక్ష తీరాక నా బిడ్డని నాకిచ్చేయండి అన్న ఆశ ఎక్కడో ఉండేది. జేబులో చక్కెర బిళ్లలు అలాగే ఉండేవి.

ఒక మధ్యాహ్నం చెల్లెలు స్నానానికి వెళ్లింది. బిడ్డ లేచి ఏడుపు అందుకుంది. అక్క లేచింది, రెండడుగులు వేసింది, ఆగిపోయింది. బిడ్డ కాళ్లు తన్నుకుంటూ, మొహం ఎర్రగా చేసుకుని, తల అటూ ఇటూ తిప్పి వెతుకుతోంది. ఆ వెతుకులాట తనకోసం కాదని కళ్లెదుటే కనపడుతోంది.

"ఉండమ్మా, మీ అమ్మ వస్తోంది" అంది అక్క.

ఓదార్చడానికి అన్న మాటే. నోట్లోంచి వచ్చాక అది నిజమని తోచింది. ఆ మాటతో ఎవరి దగ్గరా ఏదీ లాక్కోలేదు, ఎవరికీ ఏదీ అప్పగించలేదు, ఉన్నది ఉన్నట్టు చెప్పింది, అంతే. పక్కటెముకల కింద ఇన్నాళ్లూ పొంగి ఉన్నది మెల్లగా కుంగింది. జేబులో చక్కెర బిళ్లల కోసం చెయ్యి పోలేదు. ఆకలి కూడా మామూలు ఆకలే.

చెల్లెలు తడిజుట్టుతో వచ్చి, ఒక్క చూపులో అక్క మొహం చూసి, ఏమీ అడగకుండా బిడ్డని తీసి ఆవిడ చేతుల్లో పెట్టేసింది. బిడ్డ మెత్తబడలేదు. ఇంకా గట్టిగా ఏడ్చింది, ఆవిడ జాకెట్టు అంచు గుప్పిట పట్టి లాగింది. ఆ గొంతు విని మరిది పక్కగదిలోంచి పరుగెత్తుకొచ్చి గుమ్మంలో నిలబడిపోయాడు.

చెప్పాల్సింది ఇంకా గొంతులోనే ఉంది. అది ఏనాటికైనా బయటికొస్తుందో లేదో ఆవిడకే తెలియదు. బిడ్డ తల మీద ఒక్కసారి ముక్కు ఆనించి, వెచ్చగా ఉందని చూసుకుని, వెంటనే చేతులు చాపింది.

"తీసుకో. నీ బిడ్డకి ఆకలేస్తోంది."