గోడ తాగిన నీళ్ళు

ఏరు మా ఐసు ఫ్యాక్టరీలోకి వచ్చి, దిమ్మెలన్నీ వీధిలోకి తేలుకుంటూ పోయిన వరద ఒకటుంది. జనం మంచాల మీద కూర్చుని, వాకిట్లోకొచ్చిన ఐసుని కర్రలతో ఆపుకున్నారు. దాని తర్వాతి ఎండాకాలంలో జరిగింది ఇది. ఆ ఎండాకాలం గుర్తొస్తే ఇప్పటికీ పళ్ళు నూరుతాను. ఉన్న నాలుగు పళ్ళే.

మా మనవరాలు ఫుట్‌బాల్ ఆడేది. గోల్ దగ్గర నిలబడేది. దాన్ని దాటి బంతి పోదని జట్టు పిల్లలు దానికి గోడ అని పేరు పెట్టారు. ఇంట్లో కూడా అదే ఖాయమైపోయింది. వాళ్ళమ్మ, అంటే నా కూతురు, "గోడా, లేచి మొహం కడుక్కో" అని లేపేది.

అంతకు ముందు ఏడు ఆట మధ్యలో ఒక పిల్ల ఎండకి సొమ్మసిల్లి పడింది. గ్రౌండ్ కమిటీకి ఒక సెక్రటరీ ఉండేవాడు. గొడుగు లేకుండా గుమ్మం దిగడు. ఆ మనిషి ఆ రోజే అందరిలో అన్నాడు, "ఇంకొక్కరు పడ్డారంటే ఆడపిల్లల జట్టుకి గ్రౌండ్ బంద్." ఊళ్ళో ఉన్నది ఆ ఒక్క గ్రౌండే. మగపిల్లాడు పడితే ఎత్తి నీడలో పడుకోబెడతారు. ఆడపిల్ల పడితే గేటుకి తాళం. ఇదీ న్యాయం.

అందుకని వాళ్ళ కోచమ్మ ఒక పద్ధతి పెట్టింది. ప్రతి పిల్లా నీళ్ళు రాయిలా గడ్డకట్టించిన బాటిల్ తెచ్చుకోవాలి. ఆట సాగుతుంటే అది కరుగుతూ ఉంటుంది, చల్లటి నీళ్ళు వస్తూ ఉంటాయి. అందరికీ ఒకే రకం, మంచివి చూడమంది.

"మా తాతయ్య ఐసులోనే పుట్టాడు, ఆయన చూస్తాడు" అని గోడ మాటిచ్చేసింది.

కొట్టుకెళ్ళాం. కొట్టువాడు ముందు స్టీలువి దించాడు. "రెండు పొరలు పెద్దాయనా. పొద్దున పోస్తే సాయంత్రం దాకా చల్లగానే" అన్నాడు. చల్లనీళ్ళు పోసుకోడానికి మంచివే. ఐసు కట్టించడానికి పనికిరావు, లోపలి పొర ఉబ్బి చెడుతుంది. పక్కన పెట్టాను. గాజులా మెరిసేవి దించాడు. గోటితో కొట్టాను. టక్కుమంది. చలిలో మొదట పగిలేది అదే. పక్కన పెట్టాను. ఇంకోదాని మూత తీసి వాసన చూశాను. కొత్త రబ్బరు చెప్పు వాసన. ఆ వాసన నీళ్ళలోకి రాకుండా ఎక్కడికి పోతుంది? పక్కన పెట్టాను.

చివరికి అటక మీంచి ఒకటి దించి దుమ్ము దులిపాడు. పాలరంగు. నొక్కితే లోపలికి పోయి మళ్ళీ పైకొచ్చింది. వాసన లేదు. అడుగున మంచుపువ్వు బొమ్మ ఉంది, అంటే గడ్డకట్టించొచ్చని. మూతి వెడల్పు. గోడ చేతిని లోపలికి దూర్చమన్నాను. దూరింది. చెయ్యి దూరితే అడుగు దాకా తోమొచ్చు.

కొట్టువాడికి ఓపిక చచ్చింది. "పెద్దాయనా, బాటిల్ కొంటున్నావా, గేదెను కొంటున్నావా? పళ్ళు కూడా లెక్కపెడతావా?"

"దీనికి లేవు" అన్నాను.

గోడ కిసుక్కుమంది. "అందంగా లేవు తాతయ్యా" అంది.

"నేనూ లేను."

జట్టందరికీ సరిపడా తెప్పించమని చెప్పి, దారిలో గోడకి చెప్పాను. నిండా పోయొద్దు, భుజం దాకానే. గడ్డకట్టేటప్పుడు నీళ్ళు ఒళ్ళు చేస్తాయి, వాటికి చోటుండాలి. మూత వదులుగా పెట్టాలి, గడ్డకట్టాకే బిగించాలి. నేను అంత మాట్లాడటం ఆ పిల్ల అంతకు ముందు చూడలేదు. నోరు తెరుచుకుని విన్నది.

కొట్టువాడి సరుకు రాకముందే మా బావమరిది ఊడిపడ్డాడు.

వాడు నా భార్య తమ్ముడు. నేను దిమ్మెలు లాగి మానేసిన ఫ్యాక్టరీలో వాడింకా కంప్రెసర్ దగ్గర పని. అక్కడ వాడి పేరు హడావుడి. నా భార్య పోయాక సగం భోజనాలు మా ఇంట్లోనే. గోడంటే వాడికి ప్రాణం, కాదనను. కానీ వాడి ప్రేమకి కాలు నిలవదు. ఎవరో తెలిసినవాడు ఊరికే ఇచ్చాడని పెద్ద పెట్టె మోసుకొచ్చి వాకిట్లో దించాడు. నీలం బాటిళ్ళు. గాజులాంటివి. అందులోంచి చూస్తే అవతలి మనిషి మొహం కనబడేది. జట్టు పిల్లలంతా వచ్చి వాలారు.

ఒకటి తీసి గోటితో కొట్టాను. టక్కుమంది. అడుగు చూశాను.

"ఇవి గడ్డకట్టించేవి కావు" అన్నాను.

"ఎవరు చెప్పారు బావా?"

"అడుగున పువ్వు లేదు."

"పువ్వు లేకపోతే నీళ్ళు గడ్డకట్టమంటాయా? పెళ్ళి చేస్తున్నామా వాటికి?" అన్నాడు. పిల్లలంతా పొర్లి పొర్లి నవ్వారు. "మీ తాతయ్య అన్నేళ్ళు ఐసులో ఉండి ఉండి తనే గడ్డకట్టాడమ్మా. ఎండలో పెట్టండి, కరుగుతాడేమో."

నేను ఏదైనా ఒకసారే చెబుతాను. లేచి లోపలికి పోయాను. పిల్లలు నీలంవే పంచుకున్నారు. గోడ కూడా. రంగు పిల్లల్ని లాగుతుంది, దానికి వాళ్ళనేం అనను.

ఇక్కడ మా ఫ్యాక్టరీ సంగతి కొంచెం చెప్పాలి. ఐసు కట్టేది ఉప్పునీళ్ళ తొట్టిలో. మంచినీళ్ళు పోసిన ఇనప డబ్బాలు ఆ తొట్టిలో దిగి ఉంటాయి. ఉప్పునీళ్ళు ఎంత చల్లబడినా గడ్డకట్టవు, డబ్బాలో నీళ్ళని గడ్డకట్టిస్తాయి. డబ్బాలు తుప్పు పట్టకుండా ఆ తొట్టిలో ఏదో మందు కూడా కలుపుతారు. అది నోట్లో పెట్టుకునేది కాదు. అయినా మేమంతా దొంగచాటుగా మా తాగే నీళ్ళ బాటిల్ని తాడు కట్టి ఆ తొట్టిలోకి వేలాడదీసేవాళ్ళం. మెత్తటి బాటిల్, మూతి ఎప్పుడూ పైకే, భుజం కూడా తడవనివ్వం. బీడీ కాల్చినంత సేపట్లో ఐసు పలుకులు కట్టేది. యజమాని చూస్తే పనిలోంచి తీసేస్తానన్నాడు. చూడనిచ్చేవాళ్ళం కాదు.

ఆట ముందు రోజు మా ఇంటి ఫ్రిజ్‌లో జట్టు బాటిళ్ళన్నీ పట్టలేదు. "నేనున్నాగా" అని హడావుడి సంచిలో వేసుకుపోయాడు. నేను ఇంట్లో లేను. ఫ్యాక్టరీ కోల్డ్ రూములో పెడతాడనుకుంది నా కూతురు. ఎవరైనా అదే అనుకుంటారు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం ఆట. రేకుల నీడలో నేనూ నా కూతురూ కూర్చున్నాం. హడావుడి బాటిళ్ళని టబ్బులో పెట్టి, పైన గోనెపట్టా కప్పి తెచ్చాడు. తెల్లగా మంచు పట్టి ఉన్నాయి. చూడటానికి బ్రహ్మాండంగా ఉన్నాయి. సగం ఆట అయ్యేసరికి గోడ రెండు గోల్స్ ఆపింది. ఒకటి ఆపడానికి నేల మీద ఇంత దూరం దొర్లింది. విరామంలో మొదటి నీళ్ళు గోడకివ్వడం వాళ్ళ జట్టు అలవాటు. అది పరిగెత్తుకొచ్చి, తల వెనక్కి వాల్చి, కరిగినంతా గుటగుటా తాగేసింది. దాహం మీద ఉన్న మనిషి నాలిక రుచి చూడదు.

వెనక తాగిన పిల్లలు థూ థూ అని ఉమ్మేశారు. అప్పటికి గోడ మోకాళ్ళ మీద ఉంది. కడుపులో ఉన్నదంతా కక్కింది. లేవబోయి పక్కకి పడింది.

నేను గీత దాటి పరిగెత్తాను. నాకంటే ముందు సెక్రటరీ గొడుగు వచ్చింది.

"చెప్పానా? చెప్పానా?" అన్నాడు ఆయన, పిల్ల మొహం కూడా చూడకుండా. "ఆడపిల్లల ఒళ్ళు ఈ ఎండకి ఆగదని చెప్పానా? అయిపోయింది. ఇవాళ్టితో బంద్."

"సార్, నీళ్ళు బాగాలేవు" అంది కోచమ్మ.

"నీళ్ళని ఎందుకంటావమ్మా? ఎండ ఎండే, ఆడపిల్ల ఆడపిల్లే!"

మేం గోడని ఆటోలో ఎక్కిస్తుండగానే గేటుకి తాళం పడిన చప్పుడు వినపడింది. ఆ చప్పుడు నా చెవిలో ఇంకా ఉంది.

ఆసుపత్రిలో మళ్ళీ కక్కించారు, చేతికి సెలైన్ పెట్టారు. ప్రాణానికి భయం లేదన్నారు. సాయంత్రానికి ఇంటికొచ్చింది. గోడ అంత పిల్ల మంచం మీద గుడ్డపేలికలా పడి ఉంది. నేను దాని బాటిల్ తీసి నీళ్ళు ఒక చుక్క నాలిక మీద వేసుకున్నాను.

ఆ రుచి నాకు తెలుసు. నా వేళ్ళ పగుళ్ళలో ఉన్న రుచి అది. ఎన్నేళ్ళు అన్నం కలుపుకున్నా పోని రుచి. బాటిల్ తిప్పి చూశాను. అడుగున, వెంట్రుక కన్నా సన్నంగా, పగులు.

హడావుడి పళ్ళు పట్టుకుని వచ్చాడు, పిల్లని చూడ్డానికి. బాటిల్ వాడి మొహం ముందు పెట్టాను.

"తొట్టిలో ముంచావా?"

వాడు పళ్ళ సంచి ఎక్కడ పెట్టాలో తెలీక తిరిగాడు. "కోల్డ్ రూములో అయితే తెల్లారినా కట్టవు బావా... త్వరగా అవుతుందని..."

"మూతలు?"

"బిగించాను. లేకపోతే ఉప్పునీళ్ళు లోపలికి పోతాయిగా."

"నిండా పోసి, మూత బిగించి, నిలువునా ముంచావు."

"రోజూ మనం వేసుకునేవాళ్ళమేగా!"

వాడి చొక్కా పట్టుకున్నాను. ముసలిచెయ్యి అయినా దిమ్మెలు లాగిన చెయ్యి. గుండీ ఊడి గచ్చు మీద పడింది. నా కూతురు మధ్యలోకొచ్చింది.

"నాన్నా, వదులు. మామయ్య కావాలని చేశాడా?"

"సెక్రటరీకి చెప్పమను."

"చెబితే ఫ్యాక్టరీకి తెలుస్తుంది. తొట్టిలో చెయ్యి పెట్టినవాణ్ణి ఉంచుతారా? అత్తయ్య ఏం తింటుంది? పిల్ల బాగానే ఉందిగా. దేవుడి దయ. ఊరుకో."

"కొన్నాళ్ళు పోతే వాళ్ళే తెరుస్తారు బావా" అన్నాడు వాడు, గుండీ వెతుక్కుంటూ. "గ్రౌండ్ ఎక్కడికి పోతుంది?"

అప్పుడు మంచం మీంచి వినపడింది. గొంతు కీచుగా ఉంది, కక్కి కక్కి.

"చిన్న తాతయ్యా, నేను ఎండకి పడలేదు."

వాడు గుండీ వెతకడం ఆపాడు.

"అందరూ నేను ఎండకి పడ్డానంటున్నారు. నా వల్ల గ్రౌండ్ పోయిందంటున్నారు. నేను పడలేదు. మీరు పడేశారు."

హడావుడి పళ్ళు అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు. గుండీ కూడా.

నా కూతురు నా వైపు చూసింది. ఊరుకుంటావుగా అన్నట్టు. నేను జీవితమంతా ఊరుకునేవాణ్ణని దానికి ధీమా. నాకు ఒళ్ళు మండిపోయింది. వాడి మీద కన్నా ఆ ధీమా మీద ఎక్కువ.

తెల్లారగానే గోడ బాటిల్‌కి, పగులు దగ్గర కొవ్వొత్తి మైనం అద్ది, మిగిలిన నీళ్ళు కారకుండా పట్టుకుని బయల్దేరాను. దారిలో బావమరిది తలుపు కొట్టాను. "వస్తావా, నేనే చెప్పనా?" అన్నాను. లోపల మంచం కిర్రుమంది. ఆగకుండా ముందుకు పోయాను.

సెక్రటరీ గది గ్రౌండ్ గేటు పక్కనే. ఫ్యాన్ కింద కూర్చుని టీ తాగుతున్నాడు. గొడుగు కుర్చీకి వేలాడుతోంది. బాటిల్ బల్ల మీద పెట్టాను.

"ఏంటిది?"

"నిన్నటి ఎండ."

"ఏంటయ్యా?"

"పిల్ల ఎండకి పడిందన్నారు. ఆ ఎండ ఇందులో ఉంది. నాలిక ఆనించండి."

"నాకెందుకు?"

"మా పిల్ల గుటకలేసింది. మీరు నాలిక ఆనించలేరా? ఆడపిల్ల ఒళ్ళు కాదుగా మీది."

ఆయన నన్ను చూశాడు. నేను కదిలేలా లేనని అర్థమైనట్టుంది. మూతలో కాస్త పోసుకుని నాలిక తగిలించాడు. మొహం నలిగిన కాగితంలా అయింది. లేచి కిటికీ దగ్గరికి పోయి బయటికి ఉమ్మాడు.

"అమ్మో!" అని కింద నుంచి కేక.

కిటికీ కింద మా బావమరిది నిలబడి ఉన్నాడు. ఎంత సేపట్నుంచో. భుజం తుడుచుకుంటూ లోపలికొచ్చాడు, గుండీ లేని చొక్కాతోనే.

"నేనే సార్" అన్నాడు. "ఫ్యాక్టరీ తొట్టిలో నేనే ముంచాను. బాటిల్ పగిలి ఆ నీళ్ళు లోపలికి పోయాయి. పిల్ల ఎండకి పడలేదు." తర్వాత నా వైపు తిరిగాడు. "ఫ్యాక్టరీలో కూడా చెబుతావా బావా?"

"నువ్వే చెబుతావు."

వాడు తలూపాడు. సెక్రటరీ టీతో నోరు పుక్కిలిస్తూ, "సరే, సరే, కమిటీ ముందు పెట్టి ఆలోచిద్దాం" అన్నాడు.

తాళం వెయ్యడానికి కమిటీ అక్కర్లేదు. తియ్యడానికి కావాలి. నేను చెయ్యి చాపాను.

"ఏంటి?"

"తాళంచెవి."

చెయ్యి చాపే ఉంచాను. టీ చల్లారింది. ఆయన సొరుగు లాగాడు.

బయటికొచ్చి హడావుడిని కొట్టుకి పంపాను. పాలరంగు బాటిళ్ళు వచ్చి ఉంటాయి, తీసుకురమ్మన్నాను. వాడు అలవాటు కొద్దీ పరుగందుకున్నాడు. "నడిచి వెళ్ళు" అని అరిచాను. నడిచాడు.

గేటు తాళం తీసి, రెండు తలుపులూ బార్లా తెరిచి, కింద రాళ్ళు పెట్టాను. తాళంచెవి తీసుకెళ్ళి సెక్రటరీ బల్ల మీద పెట్టేశాను. తాళం మాత్రం జేబులో వేసుకుని, ఏటి గట్టు దాకా పోయి, చెయ్యి పోయేంత బలంగా విసిరాను.