అమ్మ వైపు పౌరసత్వం

మా నాన్న పరదేశి. నాకు ఊహ తెలియకముందే పోయాడు. నేను పుట్టి పెరిగింది అమ్మ దేశంలోనే. అయినా చట్టం దృష్టిలో పరాయిదాన్ని. పిల్లలకు పౌరసత్వం తండ్రి నుంచే వస్తుంది, తల్లి నుంచి రాదు. కన్నకూతుర్ని తన ఇంట్లో ఉంచుకోవడానికి అమ్మ ఏటా వలసల కార్యాలయంలో వరుసలో నిలబడి అనుమతి తెచ్చుకునేది.

అమ్మ పెద్దాసుపత్రిలో రక్తపరీక్షలు చేసేది. నేను నర్సు చదువు పూర్తిచేసి అక్కడే ఉద్యోగం అడిగితే, పౌరులకు తప్ప ఇవ్వమన్నారు. ఆ పూట అమ్మ ఏమీ తినలేదు. మర్నాడు నన్ను తీసుకుని చిన్ననాటి స్నేహితురాలి దగ్గరికి వెళ్లింది. ఆవిడ వకీలు. పట్టిన పట్టు విడవదని కోర్టులో అందరూ మొండిఘటం అనేవారు. నాకు మాత్రం పిన్ని.

ఇలాంటి కేసుల్లో పిన్ని అప్పటికే ఓడిపోయి ఉంది. చట్టమే అలా ఉంటే మేమేం చేస్తామని జడ్జీలు చేతులెత్తేశారట. ఇంకో దారి ఉందని చెప్పింది. ఆడవాళ్లను మగవాళ్లతో సమానంగా చూస్తామని మన ప్రభుత్వం ఎప్పుడో ఇతర దేశాలతో ఒప్పందం చేసుకుంది. మాట నిలబెట్టుకున్నదీ లేనిదీ కొన్నేళ్లకోసారి అంతర్జాతీయ కమిటీకి చెప్పుకోవాలి. ఈసారి మన వంతు.

"వాళ్లేమైనా ప్రభుత్వాన్ని జైల్లో పెడతారటే?" అంది అమ్మ.

"పెట్టరు. నలుగురిలో నిలబెట్టి అడుగుతారు. ఆ జవాబు పట్టుకుని మనం ఇక్కడ నిలదీస్తాం."

మహిళా సంఘాలు టిక్కెట్లు కొన్నాయి. కమిటీ సమావేశానికి ముగ్గురం వెళ్లాం. పెద్ద హాలు, గుండ్రంగా బల్లలు, అందరి చెవులకూ అనువాదం వినిపించే పరికరాలు. ప్రభుత్వం కంటే ముందు మాలాంటివాళ్లకు కాసేపు మాట్లాడే వీలుంటుంది. అమ్మ ఏనాడూ మైకు ముట్టుకున్న మనిషి కాదు. గొంతు సవరించుకుంది.

"ఈ పిల్ల నా రక్తమేనని పరీక్ష చేసి చూపించగలను. నా దేశపు పిల్ల అని చెప్పే హక్కు మాత్రం నాకు లేదు."

అంతే చెప్పి కూర్చుంది. పిన్ని బల్ల కింద అమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

మర్నాడు మా ప్రభుత్వ అధికారి వచ్చాడు. కమిటీలో ఒక పెద్దావిడ, తండ్రి లేని పిల్లకు మీ దేశంలో తల్లి ఏమవుతుందని నెమ్మదిగా అడిగింది. ఆయన సంప్రదాయమన్నాడు, భద్రత అన్నాడు. ఆవిడ మళ్లీ అదే అడిగింది. ఆయన కాగితాలు తిరగేసి, మళ్లీ సంప్రదాయమనే అన్నాడు.

సాయంత్రం ఆయనే వరండాలో అమ్మకు ఎదురుపడ్డాడు. "చెప్పమన్నది చెప్పానమ్మా. వెళ్లాక నేను చూసింది పైవాళ్లకు రాస్తాను," అన్నాడు. రాశాడని తరువాత తెలిసింది.

చట్టం మార్చమని కమిటీ సూటిగా చెప్పింది. ఏం చేశారో గడువులోగా చెప్పమంది. పిన్ని ఆ మాటలు పట్టుకుని పత్రికల చుట్టూ, శాసనసభ్యుల ఇళ్ల చుట్టూ ఏళ్ల తరబడి తిరిగింది. ఒక నాయకుడు బయటివాళ్ల పెత్తనమేమిటని కసిరితే, సంతకం మనదే కదండీ అంది. చివరికి చట్టం మారింది. తల్లి నుంచి కూడా పౌరసత్వం వస్తుందన్నారు.

అప్పటిదాకా ప్రైవేటు క్లినిక్కుల్లో చాలీచాలని జీతాలకు పనిచేశాను. ఆ ఏళ్లు తిరిగి రావు. పెద్దాసుపత్రిలో చేరిన రోజు మాత్రం, నన్ను పసిపిల్లప్పటి నుంచీ ఎరిగిన వార్డులన్నీ తిప్పుతూ అమ్మ అందరికీ కొత్తగా పరిచయం చేసింది.

"మా అమ్మాయి. ఇక్కడి మనిషే."