నిచ్చెన మీంచి తీసిన ఫొటో

కెమెరా బ్యాటరీలు నిండుగా ఛార్జి చేసుకోవాలి. పాత ఫొటోలు కంప్యూటర్‌లోకి ఎక్కించి కార్డులు ఖాళీ చేయాలి. పరుగెత్తాల్సి వస్తే ఊడిపోని బూట్లు వేసుకోవాలి. ముంజేతి మీద పెన్నుతో బ్లడ్ గ్రూపు, అక్క ఫోన్ నంబరు రాసుకోవాలి. నిచ్చెన కాళ్లకు వదులైన రబ్బరు తొడుగులు బిగించాలి. ఆపైన, అక్కకు ఏదో ఒకటి చెప్పి గడప దాటాలి.

మిగతావన్నీ అయ్యాయి. ఆ చివరిదే కొరకరాని కొయ్య.

"మళ్లీ ఆ బూడిదరంగు చొక్కాలవాళ్ల మీటింగేనా?" అక్క గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "లోకంలో పెళ్లిళ్లే కరువయ్యాయా ఫొటోలు తీయడానికి? వాళ్లయితే భోజనమైనా పెడతారు."

"వీళ్లూ పెడతారక్కా. తన్నులు."

"నవ్వకే, నాకు ఒళ్లు మండుతోంది," అంటూనే అక్క తనే వెళ్లి మూలనున్న నిచ్చెన తెచ్చి చేతికిచ్చింది.

బూడిదరంగు చొక్కాలవాళ్లు పట్టుమని పదిమంది లేనప్పటి నుంచీ చెల్లెలు తన పత్రిక కోసం ఫొటోలు తీస్తూ వాళ్ల వెంట తిరుగుతోంది. అద్దె షెడ్డులో ఖాళీ కుర్చీలకు ఉపన్యాసాలిచ్చిన రోజుల ఫొటోలు ఆమె పత్రిక దగ్గర తప్ప ఇంకెక్కడా లేవు. బయటినుంచి వచ్చి బతుకుతున్నవాళ్లు ఊరు విడిచిపోవాలి, అదొక్కటే వాళ్ల పాట. అప్పుడు విన్నవాళ్లు నవ్వారు. ఇప్పుడు మైదానాలు చాలడం లేదు. నవ్వులాటగా మొదలైంది ఎక్కడిదాకా వచ్చిందో ఒక్కరైనా మొదటినుంచీ చూపించాలి కదా అనుకునేది ఆమె. ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి. చదివిన చదువు ఎవరికైనా పనికి రావాలని గట్టిగా నమ్మే రకం.

వాళ్ల ప్రచారం చూసుకునే కుర్రవాడు గడుసువాడు. పత్రికలవాళ్లందరినీ వేదిక కిందే, తాడు కట్టిన చోట నిలబెట్టేవాడు. అక్కణ్నుంచి ఎవరు తీసినా నాయకుడు ఆకాశమంత ఎత్తు కనిపిస్తాడు. తాడు దాటితే పాస్ రద్దు. ఆ మాయ కనిపెట్టాకే ఆమె మడత నిచ్చెన కొంది. తాడు లోపలే ఓ మూల దాన్ని వేసుకుని ఎక్కేది. ఆఫీసులో పేరు మాని 'నిచ్చెన' అనే పిలవసాగారు.

ఆ రోజు సభ బజారు నడిమధ్యలో. వేదిక వెనకే బయటివాళ్ల దుకాణాలు. ఇన్ని మైదానాలుండగా ఇక్కడే ఎందుకు పెట్టారో ఆమెకు బోధపడింది. తాడెత్తి అవతలికి నడిచింది.

"మేడమ్, మేడమ్! పాస్ పోతుంది!" ప్రచారం కుర్రవాడు అరిచాడు.

"పోతే పోనీ బాబూ, పాసే కదా!"

పక్కసందు గోడవారగా నిచ్చెన వేసి పైమెట్టు ఎక్కింది. నాయకుడి భుజం మీదుగా వెనకంతా కనిపించింది. ఒక్క దుకాణమే ఇంకా తెరిచి ఉంది. తాళాలు బాగుచేసే పెద్దాయనది. ఒకసారి ఆమె బీరువా తాళం తీసి పెడుతూ, "లోపల బంగారముందేమో అనుకున్నానమ్మా, అన్నీ నల్లటి కెమెరా డబ్బాలే!" అని నవ్విన మనిషి. ఇప్పుడాయన దుకాణం ముందు రెండు చేతులూ చాచి నిలబడ్డాడు. చుట్టూ బూడిదరంగు చొక్కాలు. ఒకడి చేతిలో ఇనపకడ్డీ పైకి లేచింది.

ఆమె కెమెరా కంటికి ఆనించింది. నొక్కింది. ఆ వెంటనే గొంతు చించుకుని అరిచింది. ఎవరో నిచ్చెనను తన్నారు. పడి, లేచి, ఆయన దగ్గరికే పరుగెత్తింది.

సాయంత్రానికల్లా వాళ్ల ప్రకటన వచ్చేసింది: ఎవరూ ఎవర్నీ కొట్టలేదు, ముసలాయన స్టూలు మీంచి జారిపడ్డాడు.

డెస్క్ ఇన్‌చార్జి ఫొటో చూసి, "ఎడమ సగం బ్రహ్మాండం అమ్మాయ్," అన్నాడు. "నాయకుడు చెయ్యెత్తి, నోరు తెరిచి... మొదటి పేజీ ఫొటో. కుడిపక్క కత్తిరిద్దాం."

"కుడిపక్కే కదా సర్ వార్త."

"రేపట్నుంచి మనవాళ్లని ఒక్క సభకీ రానివ్వరు."

"రానిస్తే మాత్రం ఏం చూపిస్తున్నాం సర్? ముక్కురంధ్రాలు."

పక్క బల్లల వాళ్లు కిసుక్కుమన్నారు. ఆయన నవ్వలేదు. "నువ్వేమో నిచ్చెనెక్కి దిగిపోతావ్. రాళ్లు పడేది ఆఫీసు మీద. లోపల ఇంతమంది ఉన్నారు."

ఆ మాట అబద్ధం కాదు. అందుకే ఆమె గొంతు తగ్గించింది. "ఆయన ఆసుపత్రిలో ఉన్నాడు సర్, మాట పడిపోయింది. ఆయన బదులు చెప్పేది ఈ మూల ఒక్కటే. వేస్తే మొత్తం వేయండి. లేదంటే అసలు వేయకండి." కుర్చీ లాక్కుని ఆయనకు ఎదురుగా కూర్చుంది. పేజీ అచ్చుకు వెళ్లేదాకా లేవనంది.

ఆయన తెర మీద కత్తిరింపు గీతను ఇటూ అటూ జరిపి చూశాడు. "మొత్తం వేస్తే నాయకుడు చిన్నగా అయిపోతాడమ్మా."

"ఉన్నంతే ఉంటాడు సర్."

ఫొటో మొత్తం పడింది. మర్నాడు ఆఫీసు అద్దాలు పగిలాయి. ఆమె పాస్ రద్దయింది. కానీ స్టూలు మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. పోలీసులకు కేసు రాయక తప్పలేదు. ఆ వారంలోనే పెద్దాయన పోయాడు. తర్వాతి సభకు ఆమె రోడ్డు అవతల నిచ్చెన వేసుకుంది.

ఆ ఫొటో ఇప్పటికీ చాలాచోట్ల కనిపిస్తుంది. కొందరు కుడిపక్క కోసేసి, కింద 'జనం మెచ్చిన ఉపన్యాసం' అని రాసుకుంటున్నారు. మీ కంట పడితే ఆ కోసిన అంచు దగ్గర ఒక్క క్షణం ఆగండి. దానికి అవతల ఒక పెద్దాయన రెండు చేతులూ చాచి తన దుకాణం ముందు నిలబడి ఉన్నాడు. పేరు తెలియకపోయినా ఫర్వాలేదు, ఆయన్ని గుర్తుపెట్టుకోండి.