మొగుడి మీద పోటీ

సుంబర్‌లేసాలో ఆ ఏడు ఊరిపెద్ద పదవికి దర్మాజి మీద నిలబడే మొనగాడు దొరకలేదు. ఒక్కడే నిలబడితే ఎన్నిక చెల్లదు. అందుకని జావాలో ఇలాంటి ఇరకాటంలో పడ్డ పెద్దమనుషులు చేసే పనే అతనూ చేశాడు. పెళ్ళాం వర్సిని చేత నామినేషన్ వేయించాడు. అతని గుర్తు వరి కంకి, ఆమె గుర్తు మొక్కజొన్న పొత్తు.

"ఉత్తుత్తి పోటీయే. నువ్వు కూర్చుంటే చాలు, మిగతాది నేను చూసుకుంటా," అన్నాడు. ఇరవై రెండేళ్ళుగా కూర్చోమంటే కూర్చుని లెమ్మంటే లేచిన ఇల్లాలు, ఇప్పుడు మాత్రం కాదంటుందా?

చిక్కంతా ఎన్నికకు వారం ముందు జరిగిన సభలో వచ్చింది. పోటీదారులు తలా రెండు ముక్కలు మాట్లాడాలన్నారు. వర్సిని "మా ఆయనకే వెయ్యండి" అని చెప్పి కూర్చోబోతుంటే, పక్కింటి పయ్నెం చంకలో పిల్లతో సహా లేచింది. దాని నోరు ఊరుకోదు.

"వదినా, పసిపిల్లల్ని తూచే కాటా పాడై రెండేళ్ళయింది. నువ్వు గెలిస్తే ఏం చేస్తావ్?"

"నెల తిరక్కుండా బాగుచేయించనూ? అదేమన్నా కొండమీద కోతా?" అనేసి వర్సిని నాలిక కరుచుకుంది.

అప్పటికే ఆడవాళ్ళ చప్పట్లతో పందిరి దద్దరిల్లింది. దర్మాజి కూడా నలుగురి ముందు నవ్వాడు గానీ, ఇంటికెళ్ళాక అన్నం సగంలో వదిలేసి లేచాడు.

ఆ రోజు నుంచి వర్సిని గుండెల్లో రాయి పడింది. బజారులో ఆడవాళ్ళు ఆమెను చూసి కళ్ళెగరేసేవారు. సోయా టెంపే ముక్కలు అమ్మే ముసలమ్మ ఊరికే ఒక మొక్కజొన్న పొత్తు చేతిలో పెట్టి ముసిముసిగా నవ్వింది. ఒకవేళ నిజంగానే గెలిస్తే? ఆ మనిషి ఊళ్ళో తలెత్తుకు తిరగలేడు. తనతో మాట్లాడడు. అటువంటి ఇంట్లో తను ఎలా బతకాలి? ఈ ఆలోచనతో ఆమెకు వారం రోజులు కంటి మీద కునుకు లేదు.

ఎన్నిక రోజు పొద్దున్నుంచి లెక్కింపు అయ్యేదాకా పోటీదారులు జనానికి కనబడుతూ వేదిక మీద కూర్చోవాలి. అది ఆ ఊరి ఆచారం. ఆమెకు జరీ కెబాయా రవిక, బరువైన కొప్పు. అతనికి నల్ల కోటు, బాతిక్ తలపాగా. అచ్చం పెళ్ళినాటి ముస్తాబే, మధ్యలో పోటీ ఒక్కటే కొత్త.

"అలా పళ్ళికిలించకు," అన్నాడు దర్మాజి పెదాలు కదపకుండా. "ఓట్లడుక్కుంటున్నట్టుంది."

"నవ్వకపోతే ఏడుస్తున్నాననుకుంటారండీ."

"తల వంచుకో మరి."

వంచుకుంది. వరసలో పిల్లనెత్తుకుని నిలబడ్డ పయ్నెం ఊరుకుంటుందా?

"తలెత్తు వదినా, మెడ పట్టేస్తుంది! ఊరిపెద్దవి కాబోతూ ఆ నేలచూపులేంటి?"

వరసంతా గొల్లుమంది. దర్మాజి లవంగం సిగరెట్టు వెలిగించబోతే అగ్గిపుల్ల రెండుసార్లు ఆరిపోయింది. వర్సిని అది చూసింది.

పదకొండింటికి ఓటు వెయ్యడానికి వాళ్ళ వంతు వచ్చింది. తెర చాటున బల్ల మీద దారం కట్టిన మేకు ఉంది. కావలసినవారి గుర్తు మీద దాంతో చిల్లు పెడితే ఓటు పడ్డట్టు. నాలుగు మడతల కాగితంలో ఆమె ఒక్క మడతే విప్పింది. మొగుడి వరి కంకి కనబడింది. ఎవరో వెనక నుంచి తరుముతున్నట్టు ఆ కంకి మీద కసుక్కున గుచ్చింది. అమ్మయ్య అనుకుని మొత్తం విప్పి చూస్తే ప్రాణం ఉసూరుమంది. మేకు వెనక మడతలోకి దిగి మొక్కజొన్న పొత్తుకీ చిల్లు పెట్టింది. ఇంకో కాగితం అడగవచ్చు. అడిగితే ఎందుకంటారు, వేదిక మీద నుంచి ఆయన చూస్తాడు. ఆ పీడ ఎందుకని గబగబా మడిచి పెట్టెలో వేసేసింది.

మూడింటికి లెక్కింపు మొదలైంది. ఎన్నికల సంఘం పెద్ద త్రిమో ఒక్కో కాగితాన్ని ఎండకెదురుగా ఎత్తి జనానికి చూపించి అరుస్తున్నాడు.

"వరి!"

"సరే!" అంటోంది జనం.

"మొక్కజొన్న!"

"సరే!"

"రెండు చిల్లులు! చెల్లదు!"

చెల్లనివి పది దాటాయి, ముప్పై దాటాయి. తప్పు చేసింది తనొక్కతే అనుకుంది గానీ, ఊళ్ళో చాలామంది తనలాగే మడత విప్పకుండా గుచ్చారు. నల్లబల్ల మీద రెండు వైపులా గీతలు పోటాపోటీగా పెరిగాయి. "మొక్కజొన్న" అన్నప్పుడల్లా వర్సిని పిడికిలి బిగుసుకుంటోంది. భయం అనుకుంది. ఆ తర్వాత నాలుగుసార్లు వరసగా "వరి" అని వినబడితే నల్లబల్ల మీద మొక్కజొన్న గీతలు మళ్ళీ లెక్కపెట్టుకుంది. అప్పుడు తెలిసింది, తను గెలవాలనుకుంటోందని. ఆమెకు సిగ్గేసింది, ముందటికంటే ఎక్కువ భయం వేసింది.

ఆఖరికి మొక్కజొన్నకు నాలుగువందల పదిహేడు, వరికి నాలుగువందల పద్నాలుగు వచ్చాయి. చెల్లనివి నలభై మూడు.

దర్మాజి విసురుగా లేచాడు. "ఆ నలభై మూడూ మళ్ళీ తియ్యండి. మేకు ఎటు నుంచి దిగిందో చిల్లు అంచు చూస్తే తెలుస్తుంది. జనం నాకే గుచ్చారు, మడత విప్పడం చేతకాలేదంతే."

త్రిమో తల గోక్కున్నాడు. "రెండు చిల్లులుంటే చెల్లదని పొద్దున మీ ముందే చదివాం కదండీ. పోటీదారులిద్దరూ ఒప్పుకుని సంతకాలు పెడితే మాత్రం నాకేం అభ్యంతరం లేదు."

"ఇద్దరం ఒప్పుకున్నట్టే, రాయి." త్రిమో రాసిన ఒప్పుకోలు కింద దర్మాజి సంతకం గిలికేసి, కాగితం, పెన్ను భార్య ఒళ్ళో పెట్టాడు. వంగి గొంతు తగ్గించి అడిగాడు. "నువ్వెవరికి గుచ్చావ్?"

"మీకేనండీ. ఆ రెండు చిల్లులవాటిలో నాదీ ఉంది."

అతని మొహం విప్పారింది. "చూశావా మరి! నేనన్నదీ అదే. పెట్టు సంతకం."

వర్సిని జనం వంక చూసింది. పయ్నెం ఈసారి నవ్వడం లేదు. సంతకం పెడితే రాత్రికి ఇంట్లో అంతా మామూలే. ఆమె పెన్నుకు మూత పెట్టింది.

"మీకే వేశానండీ, ఒట్టు," అంది. "కానీ అది భయపడి వేసిన ఓటు. దాన్ని లెక్కపెట్టొద్దు."