జంగయ్యకు రాని ఏడుపు

ఎనభైల్లో దిల్‌సుఖ్‌నగర్ వెనక కాలనీలు అప్పుడప్పుడే మొలుస్తున్నాయి. ఎటు చూసినా హద్దురాళ్ళు, కంకర కుప్పలు. మధ్యలో మా ఇంటి ఓనరు జంగయ్య గేదెల కొట్టం. ఆ పేడ వాసనను రోజూ తిట్టుకునేదాన్ని. ఇప్పుడీ అపార్ట్‌మెంట్ల మధ్య అదే గుర్తొచ్చి మనసు లాగుతుంది.

జంగయ్యకు ముక్కు మీద కోపం. హద్దురాయి జానెడు జరిగితే వీధి వీధంతా వినపడేది. ఎల్బీనగర్ చౌరస్తాలో స్కూటర్ మీంచి పడి నుదురు పగిలాక ఆ కోపం మాయమైంది. ఎవరేమన్నా "పోనీ తియ్" అనేవాడు. దేవుడిలా మారాడని అక్కడ అద్దెకుండే మా కృష్ణా జిల్లా వాళ్ళమంతా తెగ మురిసిపోయాం.

ఆ యేడే అతని తల్లి బుచ్చవ్వ పోయింది. శవం వాకిట్లో ఉండగానే జంగయ్య వెళ్ళి పాలు పిండుకొచ్చాడు. కంట్లో చుక్క నీరు లేదు. చుట్టాలు నోళ్ళు నొక్కుకున్నారు. భార్య ఐలమ్మ బట్టలు మూట కట్టింది.

"తల్లి సస్తె ఏడ్వనోడు, రేపు నేను సస్తె బువ్వ తిని పంటడు. అవ్వను సాగనంపి మా అన్న ఇంటికి పోత" అంది.

పక్కింటి గంగాధరరావు గారు మెదడు డాక్టరు. ఆమెను అరుగు మీద కూర్చోబెట్టారు.

"కోపమైనా దుఃఖమైనా అదుపులో పెట్టేది నుదురు వెనకుండే మెదడేనమ్మా. కొందరికి పుట్టుకతోనే ఎదుటివాడి నొప్పి తగలదు. జాలి లేకుండా మోసాలు చేస్తారు. మీ ఆయన అలాంటివాడు కాదు. అక్కడ దెబ్బ తగిలితే కొందరికి కోపం పెరుగుతుంది, ఈయనకు అన్నీ చల్లారిపోయాయి."

కోపం పోతే మంచోడన్నాం, కన్నీళ్ళు పోతే కసాయి అన్నాం. మా తెలివి అలా ఏడిచింది.

"అయితే అవ్వ మీద పానం లేనట్టేనా, సారూ?"

"అది నేను చెప్పలేనమ్మా."

ఐలమ్మ వెళ్ళి శవం ముందు కూర్చుంది. అక్కడి ఆడవాళ్ళు పోయినవాళ్ళ మంచి తలుచుకుంటూ రాగం తీసి ఏడుస్తారు. ఆమె తన భర్త తరఫున, అతని మాటగా రాగం ఎత్తుకుంది.

"అవ్వా, నాకు మీగడ పెడ్తివి గదనే..."

"మీగడ కాదు" అన్నాడు జంగయ్య, మామూలు గొంతుతో. "మీగడ అమ్ముతుండె. గిన్నె గోకి నాకు పెడుతుండె. తనకు గంజే."

ఐలమ్మ ఆగింది. ఆ మాటే రాగంలో పెట్టి ఏడ్చింది. జ్వరమొస్తే తల్లి తనను చంకనేసుకుని దవాఖానకు నడిచిన సంగతి చెప్పాడు. అదీ ఏడ్చింది. పాడె లేచేదాకా అతను చెబుతూనే ఉన్నాడు. మాకెవరికీ దుఃఖం ఆగలేదు.

సాయంత్రం ఐలమ్మ మూట విప్పింది.

"ఆయనకు అన్నీ యాదికున్నయి. ఏడ్సుడు నేను సూస్కుంట" అంది.